వేడి గొట్టం

మా ఆయనకి చలి మీద ఏనాడూ కోపం లేదు. నాకు కోపం వచ్చేది అందుకే. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన చేపల కోల్డ్ స్టోరేజీలోనే పని చేశాడు. గడ్డకట్టిన పెట్టెలు లోపలికి మొయ్యడం, లోపలివి లారీల దాకా మొయ్యడం. సాయంత్రం ఇంటికొచ్చి పక్కన కూర్చుంటే చొక్కాలోంచి ఇంకా చల్లగాలి వస్తున్నట్టే ఉండేది. నేనేమో బేకరీలో, పొయ్యి ముందు. మా ఇద్దరి మధ్యా కూర్చుంటే ఫ్యానూ అక్కర్లేదు, దుప్పటీ అక్కర్లేదని మా అమ్మాయి వేళాకోళం ఆడేది.

అలాంటి మనిషికి ఒక్కటే కోరిక. ఆకాశం నుంచి మంచు పడుతుంటే చూడాలి.

"ఇన్నేళ్ళ నుంచి చూస్తున్నది చాల్లేదా?" అన్నాను మొదటిసారి విన్నప్పుడు.

"అది మంచు కాదే. గోడకి పట్టిన బూజు. గోకి పారేస్తాం దాన్ని. పైనుంచి పడేది వేరు."

ఉత్తరం వైపు రైలు ఆగే చివరి స్టేషన్లో దిగాలట. అక్కడ చలికాలం నడిమధ్యలో చెరువు మొత్తం గడ్డకట్టి, మనుషులు దాని మీద నడుస్తారట. పోనీ వేసవిలో వెళ్దామండీ, కాస్త హాయిగా ఉంటుంది అన్నాను. "వేసవిలో వెళ్తే నీళ్ళు చూడాలి. నీళ్ళు మన కుళాయిలోనూ వస్తాయి" అన్నాడు. 

ఇక ఆ ఏడాదంతా ఇంట్లో అదే గోల. చేపల అట్టపెట్టె చింపి, వెనకవైపు రైలు దారి గీసి బీరువా తలుపుకి అంటించాడు. ఒక లావు కోటు కంటే మూడు పల్చటి బట్టలు ఒకదానిమీద ఒకటి వేసుకోవడం మేలని అన్నం తింటున్నంతసేపూ పాఠం చెప్పేవాడు. చెమట పట్టిందా చచ్చామే, చెమటే గడ్డకడుతుంది అనేవాడు. చెవిలో జోరీగలాగా అదే మాట. సెలవు మంజూరైంది, టికెట్లు తీసేశాడు, అమ్మాయికి ఎర్ర టోపీ కొన్నాడు. "మంచులో తప్పిపోతే ఎర్రగా ఉంటేనే కనబడతావు" అన్నాడు దానితో. అదేమో సంబరంగా ఇంట్లో కూడా టోపీ పెట్టుకుని తిరిగేది. నేను పైకి సణుక్కున్నా, ఆయన మొహంలో ఆ వెలుగు చూస్తే లోపల బాగానే ఉండేది. అంత వెలుగు నేను మా పెళ్ళిలో కూడా చూడలేదు.

తర్వాత సాధన మొదలైంది. "ఉన్నట్టుండి అంత చలిలో దిగితే తట్టుకోలేరు, ముందు అలవాటు చేస్తాను" అని ఒక సెలవు రోజు మధ్యాహ్నం మమ్మల్నిద్దరినీ కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్ళాడు. సూపర్‌వైజరు ఈయనకంటే చిన్నవాడు, కాదనలేకపోయాడు.

లోపల అడుగుపెట్టగానే ముక్కులో తడి బిగుసుకుపోయింది. పైకప్పు దాకా పెట్టెలు, ఒక పసుపు దీపం, ఫ్యాన్ల హోరు. అక్కడ పని చేసేవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఎవరూ ఒంటరిగా లోపలికి పోకూడదు, ఇద్దరిద్దరు జోడీగా పోవాలి. ముక్కు, చెవులు చలికి దెబ్బతినేటప్పుడు తెల్లబడతాయి గానీ నొప్పి పుట్టదు. అందుకని మాటిమాటికీ ఒకరి మొహం ఒకరు చూసి చెప్పుకోవాలి. మా ఆయనకి చాలాకాలం జోడీగా ఉన్న మనిషిని అందరూ బక్కాయన అనేవారు. బక్కాయన మొహంతో ఊరుకునేవాడు కాదు, చేతి తొడుగులు కూడా తీయించి వేళ్ళు చూసేవాడు. బక్కాయన మోకాళ్ళు అరిగిపోయి పని మానేశాక కొత్త జోడీ వచ్చాడు. అతను ఫోన్లోంచి తల ఎత్తీ ఎత్తకుండానే "బాగుంది, బాగుంది" అనే రకం. ఇదంతా మా ఆయన నవ్వుతూ చెప్తుంటే నేనూ నవ్వాను.

"ఇవాళ నువ్వే నా జోడీవి. చూడు" అని మొహం ముందుకి పెట్టాడు. చూశాను. ఎర్రగా, బాగానే ఉంది. అదే చెప్పాను.

బయటికి రాగానే షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ చల్లబరిచే మెషీను నుంచి ఒక లావుపాటి గొట్టం గోడ వెంట పోతుంది. లోపలి వేడినంతా అదే బయటికి మోస్తుంది. లోపలి నుంచి వచ్చిన ప్రతివాడూ ముందు తొడుగులు తీసి దాని మీద చేతులు ఆనిస్తాడు. ఆ చోట పెయింటు పోయి, అరచేతుల రాపిడికి ఇనుము నున్నగా మెరుస్తోంది. అమ్మాయి ఇలా ముట్టుకుని అలా చెయ్యి లాక్కుంది. నేనూ అంతే. ఆయన మాత్రం కుడిచెయ్యి దానికి ఆనించి, తీరిగ్గా చెరువు కబుర్లు చెప్తూ నిలబడ్డాడు.

"కాలదూ?" అన్నాను.

"అలవాటు."

నమ్మాను. పొయ్యి దగ్గర పని చేసేదాన్ని కదా, నా చేతులూ మొద్దుబారినవే. వేడి ట్రేని ఉత్త గుడ్డతో పట్టుకుని లాగుతుంటే కొత్తగా వచ్చిన ఆడపిల్లలు నోరెళ్ళబెట్టి చూస్తారు. ఈయనదీ అలాంటి మొరటు చెయ్యే అనుకున్నాను. పైగా ఆ వేళ్ళ చివరలు తెల్లగా, మైనంలాగా ఉండటం కూడా చూశాను. చలికి అనుకున్నాను.

కొన్నాళ్ళకి, బూట్లు కొనడానికి పోదామని సాయంత్రం బేకరీకి వచ్చాడు. నేనప్పుడే ఆఖరి ట్రే బయటికి లాగుతున్నాను. గుడ్డ జారి ట్రే ఒక పక్కకి ఒరిగిపోయింది. పక్కనే ఉన్నాడు కదా, ఉత్త చేత్తో దాని అంచు పట్టేసుకున్నాడు. పట్టుకుని, నెమ్మదిగా నడిచి, బల్ల మీద పెట్టాడు. ఆ కాసేపూ అమ్మాయి బూటు సైజు ఎంతో, ఒక సైజు పెద్దది తీసుకుంటే రెండు మేజోళ్ళు పడతాయని చెప్తూనే ఉన్నాడు. చీమ కుట్టినట్టయినా లేదు ఆయనకి. వాసన ముందు నాకు వచ్చింది. ట్రే అంచుకి చర్మం అంటుకుని ఉంది. నా మొహం చూసి, ఆ తర్వాత తన చెయ్యి చూసుకున్నాడు.

"అమ్మాయి ముందు రాద్ధాంతం చెయ్యకు" అన్నాడు. 

బూట్లు కొనలేదు. ఇంటికొచ్చి, కాలిన అరచేతికి కట్టు కట్టి, ఆయన్ని అటు తిరిగి కూర్చోమన్నాను. పిన్నీసు తీసి ఆ కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే గుచ్చుతూ పోయాను.

"గుచ్చు, ఇంకా ఎందుకు ఆలోచిస్తున్నావు?" అన్నాడు.

అప్పటికే నాలుగు వేళ్ళు గుచ్చాను. చిటికెన వేలి చివర రక్తం కూడా రాలేదు. గోరు కింద నల్లగా ఉంది. 

ఏడాది బట్టీ స్పర్శ లేదట. ముందు చిటికెన వేలు, తర్వాత పక్కది, అలా అలా ఆ చెయ్యంతా. చెప్తే చలిగదిలోంచి తీసేస్తారని, ఉత్తరానికి పోవద్దంటారని ఎవరికీ చెప్పలేదు. రోజూ జోడీ మొహం చూస్తాడు, బాగుంది అంటాడు, అక్కడితో సరి. చేతులు ఎవరూ అడగలేదు, ఈయన చూపించలేదు.

"వచ్చాక నేనే డాక్టరు దగ్గరికి వెళ్తాను. ఒట్టు. అప్పటిదాకా నువ్వు నోరు మెదపకు."

"ఈలోపు ముదిరితే?"

"ముదరదు. నాకు తెలుసు చలి సంగతి."

 పొద్దున్నే బేకరీకి అని బయల్దేరి, నేరుగా వాళ్ళ కంపెనీ డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన్ని అడగలేదు. భయమేసింది, పోయాను, చెప్పేశాను.

డాక్టరు చిన్నావిడ. ఆ మధ్యాహ్నమే ఆయన్ని పిలిపించి, వేళ్ళు తిప్పి తిప్పి చూసి, బయటికి రాగానే ఏం చేస్తారని అడిగింది. ఆయన గొట్టం సంగతి చెప్పాడు, అందరూ చేసేదే కదా అన్నట్టు. 

"చలి మీ వేళ్ళని మొద్దుబార్చింది, అంతవరకే. వాటిని పాడు చేసింది ఆ గొట్టం. వేడి తెలియని వేళ్ళని రోజూ తీసుకెళ్ళి కాల్చుకున్నారు."

రెండు వేళ్ళు వెంటనే తీసెయ్యాలంది. మిగతావి దక్కాలంటే ఆ చేతికి ఇక జన్మలో చలి తగలకూడదంది. మా ఆయన ప్రయాణం మాట ఎత్తాడు. ఆవిడకి విసుగొచ్చింది.

"మీకు వేళ్ళు కావాలా, మంచు కావాలా?"

ఊరికే అన్న మాట అది. కానీ ఆయన ఆలోచించాడు. నిజంగా కూర్చుని ఆలోచించాడు. ఆవిడ రాయడం ఆపి తల ఎత్తి చూసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళాం పక్కనుంది, ఇంటి దగ్గర పిల్ల ఉంది, ఇది ఆలోచించాల్సిన ప్రశ్నా అని.

"ఆపరేషన్ చెయ్యండి" అన్నాను, ఆయన తరఫున.

రెండన్నవి మూడయ్యాయి. కోత అయిన తర్వాతే తెలిసింది మధ్యవేలు కూడా లోపల చచ్చిపోయిందని. కంపెనీవాళ్ళు ఆయన్ని గేటు దగ్గర వేశారు. రోజంతా ఎండలో కుర్చీ వేసుకుని, వచ్చే లారీలకి గేటు తియ్యడం, పోయే లారీలకి గేటు ముయ్యడం. గొట్టానికి ఎవరూ చెయ్యి పెట్టకుండా రేకు బిగించారు. వారం తిరక్కుండా ఎవరో దాన్ని ఊడదీశారు. చలికి వణుకుతూ వచ్చినవాడికి డాక్టరు మాట గుర్తుంటుందా.

ఇంట్లో ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. ఒకరోజు ఎడమచేత్తో అన్నం కలుపుకుంటూ మాత్రం, "నువ్వు చెప్పకుండా ఉండాల్సింది" అన్నాడు.

"చెప్పకపోతే చెయ్యే పోయేది."

"పోయేది. చూసొచ్చాక పోయేది."

మళ్ళీ ఆ పొద్దున వస్తే మళ్ళీ పోయి చెప్తాను. ఇందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ మాట విన్నాక కంచం ముందు నుంచి లేచిపోయాను.

టికెట్లు వెనక్కి ఇచ్చేద్దాం అన్నాను. వద్దన్నాడు. "మీరిద్దరూ వెళ్ళిరండి. ఒకరైనా చూడాలి కదా." నాకు చలంటే గిట్టదని ఆయనకి తెలుసు. అది ప్రేమతో అన్నాడో కక్షతో అన్నాడో నాకు ఈ రోజుకీ తేలలేదు. నేను పోనని మొండికేశాను. "నాకోసం ఇదొక్కటి చెయ్యి" అన్నాడు. ఇక కాదనడానికి నాకు మొహం చెల్లలేదు. బ్యాగు ఆయనే సర్దాడు, ఎడమచేత్తో. జిప్పు మూతపడక తంటాలు పడుతుంటే నేను అందుకోబోయాను. వదల్లేదు. స్టేషనుకి వచ్చి, మమ్మల్ని ఎక్కించి, రైలు కదలకముందే వెళ్ళిపోయాడు.

రైల్లో ఒక నిర్ణయానికి వచ్చాను. ఫోన్ చేస్తే ఏమీ లేదని చెప్పాలి. రోడ్డంతా బురద, చెరువు మీద పొగమంచు, మొహాలు వేలాడేసుకుని వెనక్కి వస్తున్నామని చెప్పాలి. పెద్దగా చూసేదేం లేదు, మీరు రాకపోవడమే మంచిదైంది అనే మాటని పై బెర్తులో పడుకుని మనసులో చాలాసార్లు అనుకున్నాను. కాస్త విసుగ్గా అంటే నమ్ముతాడు. విసుగు నాకు ఎలాగూ సహజమే.

దిగిన పొద్దున మంచు పడుతోంది.

నేను వర్ణించలేను. అంత తెల్లదనం, అంత నిశ్శబ్దం నేను ఎరగను. అమ్మాయి చెరువు మీదకి పరుగెత్తింది. నేను గట్టునే నిలబడిపోయాను. చలి నా దాకా రానేలేదు. ఈ వయసులో, ఏ గొడవా లేకుండా, ఊరికే సంతోషంగా ఉండటం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. వెంటనే కోటు జేబులో ఫోన్ మోగింది.

"చేరారా?"

"చేరాం."

"పడుతోందా?"

"పడుతోంది."

"చప్పుడు ఉంటుందా?"

"ఉండదు. అసలేం వినబడదు."

"చేతి మీద పడితే ఆగుతుందా, వెంటనే కరిగిపోతుందా?"

తొడుగు తీసి చెయ్యి చాపాను. ఒక పలుకు అరచేతిలో పడి, ఉన్నట్టే ఉండి, మెల్లగా నీరైంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అటుపక్క లారీ హారన్ వినబడింది. గేటు దగ్గరే ఉన్నాడన్నమాట, ఎండలో.

"బాగుందా?" అన్నాడు.

రైలంతా మననం చేసుకున్న మాట ఒక్కటీ నాలుక మీదకి రాలేదు. "బాగుందండీ. మీరు చెప్పినదానికంటే బాగుంది" అన్నాను.

 అటుపక్క ఊపిరి మాత్రం వినబడుతోంది. ఏడుస్తున్నాడని నాకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. ఇంకా ఏదో చెప్పబోయాను.

"చాలు. ఇక చెప్పకు" అని పెట్టేశాడు.

అమ్మాయి చెరువు మధ్య నుంచి అమ్మా, ఇటు చూడు అని పిలిచి, తన ఫోన్లో నా ఫొటో తీసింది. అందులో నేను నవ్వుతూ ఉన్నాను, ఆయన ఫోన్ పెట్టేసిన తర్వాత కూడా. ఇంటికొచ్చాక ఆ ఫొటో ఆయనకి చూపించలేదు. ఆయనా అడగలేదు.