సగం గిన్నె మర్యాద

“కణాలు ఎక్కడికీ పోవు. ముందు టీ సంగతి చూడు,” అన్నాడు మా ఆయన సంజర్, ప్రయోగశాల తలుపులోంచి తల మాత్రం లోపలికి పెట్టి.

అరుదుగా నిజం చెబుతాడు, అదీ తెలియక. కణాలు ఎక్కడికీ పోవు. జబ్బంతా అక్కడే ఉంది. నాలుక మీదో గొంతులోనో పుట్టిన కంతికి మందు వేస్తే పైపై కణాలు గుంపులుగా చస్తాయి. కంతి కరుగుతుంది. డాక్టరు నవ్వుతాడు, రోగి మిఠాయి పంచుతాడు. అడుగున మాత్రం గుప్పెడు తల్లికణాలు, మందు ఎప్పుడు ఆగుతుందా అని కళ్ళు మూసుకుని పడుకుంటాయి. ఆగగానే లేస్తాయి. మళ్ళీ కంతిని కంటాయి, ఈసారి మరింత మొండిదాన్ని. వాటి కోసం రెండో మందు కావాలి. రెండూ కలిపి ఇవ్వాలి. ఆరేళ్ళుగా నేను చేస్తున్న పని ఇదే. ఆరేళ్ళుగా మా ఆయన చేస్తున్న పని దాని గురించి మాట్లాడటం.

పదకొండింటికి కమిటీ వస్తుంది. కెటిల్ పెట్టాను. పిడి లేని చిన్న గిన్నెలు ఐదు కడిగాను. తాష్కెంట్ అంతటికీ కేన్సర్ కణాల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలవాళ్ళు ఎందరో నాకు తెలియదు గానీ, ఈ అంతస్తులో టీ పోయగలిగింది మాత్రం నేనొక్కదాన్నే. మగవాళ్ళకి ఆ విద్య ఇంకా పట్టుబడలేదు పాపం.

పెళ్ళయిన మర్నాడు, నిద్ర లేక చెయ్యి వణికి, మా మామగారి స్నేహితుడి గిన్నె అంచుదాకా నింపేశాను. అత్తగారు నలుగురిలో అందుకుంది. “అయ్యో నా తల్లీ! వచ్చిన మనిషిని లేచి పొమ్మంటున్నావా? నిండా పోస్తే ‘ఇక దయచేయండి’ అనేగా! మీ అమ్మ నీకు మైక్రోస్కోపు ఒక్కటే నేర్పిందా?” అందరూ నవ్వారు. సంజర్ అందరికంటే గట్టిగా నవ్వాడు. అప్పటినుంచి పన్నెండేళ్ళుగా సగమే పోస్తున్నాను. సగం పోస్తే ఏమవుతుంది? తొందరగా అయిపోతుంది. మళ్ళీ లేవాలి, మళ్ళీ పోయాలి. వంగి, కుడిచేత్తో, ఎడమ చెయ్యి గుండెల మీద పెట్టుకుని. వాళ్ళ మర్యాద అంతా నా మోకాళ్ళతో తయారవుతుంది. పోనీ, గిన్నెలో సగం అంటే మర్యాదే అనుకుందాం. మా ఆయన రోగి ఒంట్లోకీ సగమే పోద్దామంటున్నాడు.

ఆయన నివేదికలో ఒక్క మందే ఉంది. మూడో వారం ఫొటోలు ఉన్నాయి. ఎలుకల నాలుకల మీద కంతులు మంచులా కరిగిన ఫొటోలు, రంగుల్లో. “నీ రెండో మందంటే ఇంకో ఏడాది. నువ్వు కణం కణం లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే డైరెక్టరు కుర్చీ నాకోసం ఆగుతుందా? ఆడవాళ్ళ అనుమానాలతో సైన్సు నడవదు,” అన్నాడు మొన్న భోజనాల దగ్గర, మూడోసారి పులావ్ వడ్డించుకుంటూ. వడ్డించుకుంటూ కాదు, వడ్డించుకోలేదు. నేనే వడ్డించాను.

లెక్కలు నావి గనక నివేదిక మీద నా సంతకమూ కావాలి. ఇవాళ అది పడితే, వచ్చే నెల పై వార్డులో పద్దెనిమిది మందికి ఆ ఒక్క మందే మొదలవుతుంది. జాబితాలో మొదటి పేరు ఎర్గాష్ అకది. ‘అక’ అంటే ఇక్కడ అన్న. చోర్సు బజారులో ఖర్బూజాలు అమ్ముతాడు. ముప్పై ఏళ్ళు నాలుక కింద నాస్ అనే పొగాకు పొడి పెట్టుకున్నాడు. ఇప్పుడు అక్కడ కంతి ఉంది. “కాయలు దిగేదాకా నాలుక ఉంచు చెల్లెమ్మా. సైగలతో బేరమాడితే జనం నన్ను ముంచేస్తారు,” అన్నాడు నిన్న. కాయలు దిగేనాటికి కంతి కరిగే ఉంటుంది. నన్ను దీవిస్తాడు. మంచు పడేనాటికి మళ్ళీ వస్తుంది.

కమిటీ వచ్చింది. ఇద్దరు మగవాళ్ళు, వాళ్ళకి అధ్యక్షురాలు గుల్‌చెహ్రా ఆపా. ముప్పై ఏళ్ళు దవడలు కోసిన సర్జను, అందరికీ ఆపా, అంటే అక్క. సంజర్ నివేదిక నా వైపు జరిపి పైన పెన్ను పెట్టాడు. “ఇక్కడో సంతకం పెట్టేసి, టీ పోయ్.”

“ఇంట్లోనూ ఈవిడే, ఇక్కడా ఈవిడే. అదృష్టజాతకుడివయ్యా దొమ్లా!” అన్నాడు మగవాళ్ళలో లావాటాయన. ఇక్కడ ప్రొఫెసర్లను దొమ్లా అనే అంటారు.

“ఓపికైన చెయ్యి లెండి,” అన్నాడు మా ఆయన. “లెక్కలూ బాగానే పెడుతుంది. బుర్ర మనం అరువిస్తే చాలు.”

పెన్ను పక్కన పెట్టి కెటిల్ తీసుకున్నాను. గుల్‌చెహ్రా ఆపాకి సగం. లావాటాయనకి సగం. మూడో ఆయనకి సగం. మా ఆయన గిన్నెలో సగం అయింది. నా చెయ్యి ఆగలేదు. ఈసారి వణకనూ లేదు. ముప్పావు. అంచు. ఇంకొక్క చుక్క పడితే బల్ల మీదికి వచ్చేలా నింపి, ఎడమ చెయ్యి గుండెల మీద పెట్టుకుని, ఆయన ముందుంచాను.

లావాటాయన తన గిన్నె దించి అటు చూశాడు.

“ఏంటిది?” అన్నాడు సంజర్, చెవులు ఎర్రబడి.

గుల్‌చెహ్రా ఆపా పకపకా నవ్వింది. “ఎన్ని కమిటీల్లో తాగాను టీ! సొంత బల్ల దగ్గర కూర్చున్నాయనకి నిండు గిన్నె ఇచ్చినదాన్ని చూళ్ళేదమ్మాయ్. ఎవర్ని లెమ్మంటున్నావు?”

“దొమ్లాగార్ని, ఆపా. ఆయన పని మూడో వారంతో అయిపోయింది. ఎనిమిదో వారం ఎలుకల గదిలో ఉంది. ఒక్క మందు వేసిన తొమ్మిదింటిలో ఏడింటికి కంతులు తిరిగొచ్చాయి. రెండూ కలిపిన తొమ్మిదింటిలో ఒక్కదానికే.”

“ఏ ఎలుకలు?” సంజర్ కుర్చీలోంచి సగం లేచాడు. “మూడో వారమే అన్నిట్నీ తీసేయమన్నానుగా!”

తన నోటితో తానే చెప్పాడు. నేను అనాల్సిన పని కూడా మిగల్చలేదు. ఇల్లాలి పనిలో ఇంత సాయం చేయడం పన్నెండేళ్ళలో ఇదే మొదలు.

ఆపా నవ్వు ఆగిపోయింది. “ఎనిమిది వారాలని నీ ప్రణాళిక మీద ముద్ర వేసింది నేనేనయ్యా. తీసేయమని ఎవర్నడిగి చెప్పావు?”

సంజర్ నా వైపు చూశాడు. ఎక్కడ దాచావు అన్నట్టు. దాచలేదు. వరండా చివర, తలుపు మీద బోర్డుతో సహా అక్కడే ఉన్నాయి. వాసన పడదని ఆరేళ్ళలో ఆ గడప తొక్కలేదు ఆయన. ఆదివారాలు నేను వెళ్ళి గింజలు వేసి వచ్చేదాన్ని.

“పద, చూపించు,” అంటూ ఆపా లేచింది. మగవాళ్ళిద్దరూ లేచారు. సంతకం లేని నివేదిక ఆమె చంకలోకి వెళ్ళింది. మా ఆయన ఏదో ఒకటి చేయాలి గనక గిన్నె ఎత్తబోయాడు. పిడి లేని గిన్నె, అంచుదాకా వేడి. వేళ్ళు కాలి వదిలేశాడు.

పెన్నుకు మూత పెట్టి ఆయన జేబులో గుచ్చాను.

“మీరు నెమ్మదిగా తాగి వెళ్ళండి,” అన్నాను. “కణాలు ఎక్కడికీ పోవు.”