తాళం తీయమంటారా?

నా ఫోనులో మా అన్నయ్య మాట నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు ఉంది. పద్నాలుగు నెలలుగా నేను దాన్ని వినలేదు.

అది వచ్చింది ఒక ఆదివారం సాయంత్రం. అప్పటికి యెల్లె అన్నయ్యా నేనూ మాట్లాడుకుని తొమ్మిదేళ్లు. అమ్మను వృద్ధాశ్రమంలో చేర్పించేటప్పుడు తనను అడగలేదని అతనికి కోపం. అడిగినా వచ్చేవాడు కాదని నాకు కోపం. తెర మీద అతని పేరు చూడగానే ఫోను బోర్లించి పెట్టాను. తిట్టడానికే పంపి ఉంటాడనుకున్నాను. రేపు వింటాను, కాస్త ధైర్యం వచ్చాక వింటాను అనుకుంటూ ఉండగానే బుధవారం వచ్చింది. ఆపరేషన్ బల్ల మీదే పోయాడని కబురు. అతనికి ఆపరేషన్ ఉందని కూడా నాకు తెలియదు.

ఆ తరువాత వినడం ఇంకా కష్టమైంది. అందులో తిట్లే ఉంటే అవే అతను నాతో అన్న ఆఖరి మాటలవుతాయి. వినకుండా ఉంటే అతను నాకింకా ఏదో చెప్పాల్సి ఉన్నట్టే. నాన్న చేపల పడవెక్కుతున్నప్పుడు ఒకసారి రేవులో నిలబడి చేయి ఊపాను. ఆయన తిరిగి రాలేదు. అప్పటి నుంచి నేను ఎవరికీ చేయి ఊపను. తలుపు దాకా వెళ్లి, ఏదో పని గుర్తొచ్చినట్టు వంటింట్లోకి వచ్చేస్తాను. యెల్లె మాట విషయంలోనూ అదే చేశాను.

కిందటి నెల ఫోను మీద ఒక ప్రకటన కనిపించింది. ఈ ఫోనుకు ఇక కొత్త అప్‌డేట్లు రావట, వచ్చే నెల ఒకటో తేదీ నుంచి సందేశాల యాప్ ఇందులో పనిచేయదట. నాలుగుసార్లు చదివాను. ఆ రోజు నుంచి అన్నం ముందు కూర్చున్నా ఆ తేదీయే కళ్లలో మెదిలేది.

"కొత్తది కొనుక్కుంటే పీడా పోతుంది కదే," అంది పక్కింటి సిబ్రిగ్.

"ఇందులో ఉన్నది అందులోకి రాకపోతే?"

"ఏముందే అంత? రాజుగారి రహస్యాలా?"

నేను చెప్పలేదు. ఆ సందేశం సంగతి ఎవరికీ చెప్పలేదు.

గ్రంథాలయంలో కూర్చుని దొరికినవన్నీ చదివాను. పద్నాలుగో ఏట బడి మాని పాల కర్మాగారంలో చేరినదాన్ని. ఇలాంటివి చదవడం నాకు నేనే నేర్చుకున్నాను కాబట్టి నెమ్మదిగా, వేలు పెట్టి చదువుతాను. కంపెనీ వదిలేసిన ఫోన్లలో, ఫోనును నడిపే కంపెనీ వ్యవస్థను తీసేసి, ఎవరైనా విప్పి చూడగల, ఎవరి సొత్తూ కాని వ్యవస్థను పెట్టుకోవచ్చట. అలా పెడితే పాత ఫోను ఇంకో అయిదేళ్లు నడుస్తుందట. మా స్నేక్ ఊళ్లోనే, ఆ గ్రంథాలయం వెనక గదిలోనే, ప్రతి శనివారం పొద్దున ఆ పని చేసి పెడతారని గోడ మీద కాగితం కూడా ఉంది.

వీబ్రెన్ అనే ఆయన చేస్తాడు ఆ పని. ఓడల్లో రేడియోలు బాగుచేసి రిటైరైన మనిషి. బల్ల మీద ఆయనవే అయిదు పాత ఫోన్లు ఉంటాయి, ఒక్కోదాంట్లో ఒక్కో వ్యవస్థ.

"పెళ్లికి ముందు నాలుగు సంబంధాలు చూసుకోవాలమ్మా," అన్నాడు మొదటి శనివారం. "తీసుకోండి, వాడి చూడండి."

మూడు శనివారాలు చూశాను. ఒకదాంట్లో నల్లటి తెర మీద ఉత్త అక్షరాలే. దాన్ని తాకాలంటేనే భయమేసింది. ఒకదాంట్లో బొత్తాలే లేవు, అంతా వేలితో పక్కలకు తోయాలి. తోస్తే ఏది ఎక్కడికి పోయిందో తెలియలేదు. మూడోది దాదాపు నా ఫోను లాగే ఉంది. దాన్ని ఇంటికి తీసుకెళ్లి వారం ఉంచుకోమన్నాడు. వారమంతా సిబ్రిగ్‌కి అందులోంచి ఫోను చేశాను. గొంతు సరిగ్గా వినిపిస్తోందా అని రోజుకు రెండుసార్లు అడిగాను.

"వినిపిస్తోంది, ఖర్మ కొద్దీ," అనేది సిబ్రిగ్.

నాలుగో శనివారం నా ఫోను పట్టుకెళ్లాను. సిబ్రిగ్ కూడా వచ్చింది, నన్ను ఒంటరిగా వదిలితే బస్సు దిగడం మరిచిపోతానని. కాఫీ పోశారు. బిస్కెట్ల డబ్బా ఒక చుట్టు తిరిగింది, తలా ఒకటి, వెంటనే మూత పడింది.

"మూత అంత గట్టిగా వేయకు నాయనా, మేం దొంగలం కాదు," అంది సిబ్రిగ్.

"మీ సంగతి నాకు తెలుసు," అన్నాడు వీబ్రెన్. నా వైపు తిరిగాడు. "అన్నిటికీ నకళ్లు తీశారా?"

"తీశానండీ. రెండుసార్లు సరిచూసుకున్నాను."

"మంచిది. సగం మంది తీయకుండా వచ్చి ఏడుస్తారు."

నేను మొదట నంబరు కొట్టి ఫోను తెరిచి ఇచ్చాను. ఆయన లోపల ఏవేవో మార్చాడు, తీగతో తన కంప్యూటరుకు తగిలించాడు, ఆపాడు, మళ్లీ వెలిగించాడు. తెర నల్లబడి సన్నటి ఆంగ్ల అక్షరాలు వచ్చాయి. నాకు ఆంగ్లం రాదు. అక్షరాల కింద రెండు వరుసలున్నాయి. ఆయన బొటనవేలు ఫోను పక్కనున్న బొత్తాం మీద ఆనింది.

"తాళం తీయమంటారా?"

"మళ్లీ పడిందా? పాడు ఫోను, అర నిమిషం వదిలేస్తే చాలు తాళమేసుకుంటుంది. తీయండి, తీయండి."

"ఒకసారి తీశాక మనసు మార్చుకోవడం ఉండదు మరి."

"తాళం తీయడానికి మనసెందుకండీ, నంబరుంటే చాలదూ? నాలుగు, ఒకటి, ఒకటి, తొమ్మిది."

ఆయన వేలు ఆగింది. నెమ్మదిగా ఎత్తి, కాలుతున్నదాని మీంచి తీసినట్టు దూరంగా పెట్టుకున్నాడు.

"చిట్స్కే గారూ, నేను ఏ తాళం గురించి అడిగాననుకున్నారు?"

"ఫోను తాళమే కదా."

"ఇది ఆ తాళం కాదమ్మా. అడుగున కంపెనీ వేసుకున్న తాళం ఒకటుంటుంది. అది తీస్తేనే కొత్త వ్యవస్థ ఎక్కుతుంది. అది తీసిన మరుక్షణం ఫోను తనలో ఉన్నదంతా తుడిచేసుకుంటుంది. దొంగ చేతిలో పడ్డా ఏమీ దొరక్కూడదని అలా చేశారు. మీరు నకళ్లు తీశానన్నారు..."

నేను సంచీలోంచి నోటు పుస్తకం తీశాను. ఫోనులో ఉన్న నూట ఆరు పేర్లు, నంబర్లు, పుట్టినరోజులు నా చేత్తో వరుసగా రాసుకున్నాను. ఆయన పుటలు తిప్పి చూశాడు. నవ్వలేదు. సిబ్రిగ్ కూడా నవ్వలేదు.

"తుడిచేశారా?" అన్నాను.

"లేదు. బొత్తాం నొక్కలేదు. ఉండండి, కంగారు పడకండి."

ఫోను మళ్లీ మామూలుగా వెలిగేదాకా ఒక నిమిషం పట్టి ఉంటుంది. ఆ నిమిషంలో అన్నీ చెప్పేశాను. సందేశం, ఆదివారం, బుధవారం, పద్నాలుగు నెలలు. సిబ్రిగ్ నా కాఫీ కప్పును నా చేతిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. అది ఒలుకుతోందని నాకు తెలియలేదు.

యెల్లె పేరు దగ్గరికి వెళ్లి వీబ్రెన్ కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు.

"దీని పక్కన కిందికి చూసే బాణం ఉంది, చూశారా? అంటే మాట ఇంకా మీ ఫోనులోకి దిగలేదు."

"ఉంది కదా, నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు అని."

"అది చీటీ మాత్రమే. సరుకు వాళ్ల దగ్గరుంది. మీరు తాకితే దిగుతుంది. వాళ్లు ఎల్లకాలం ఉంచరు." ఫోను నా వైపు జరిపాడు. "నన్ను తాకమంటారా, మీరు తాకుతారా?"

పద్నాలుగు నెలలు జాగ్రత్తగా తాకకుండా దాచాను. ఒక్కోసారి ఆ పేరు మీద వేలు పడుతుందేమోనని ఫోను అంచులు పట్టుకుని తుడిచేదాన్ని. ఇప్పుడు నా వేలు నేనే దాని మీద పెట్టాను. చిన్న చక్రం తిరిగింది. తిరిగి తిరిగి ఆగింది. మా భాషలోనే వచ్చింది ఈసారి.

ఈ శబ్దం ఇక లభించదు. పంపిన వారిని మళ్లీ పంపమని అడగండి.

సిబ్రిగ్ గట్టిగా చదివేసి, చదవకుండా ఉండాల్సిందని నోటి మీద చేయి పెట్టుకుంది.

"పంపిన ఫోనులో ఉంటుంది," అన్నాడు వీబ్రెన్. "ఆయన ఫోను ఎవరి దగ్గరుంది?"

మా వదిన హెండ్రికా దగ్గర. అంత్యక్రియల రోజు నేను చేయి చాపితే, చూడనట్టు చేతి తొడుగులు సర్దుకున్న మనిషి.

"చెయ్యి," అంది సిబ్రిగ్. "ఇంటికెళ్తే చెయ్యవు. నీ సంగతి నాకు తెలియదూ?"

చేశాను. ఎత్తేసరికి నాలుగు మోతలు.

"హెండ్రికా."

"వదినా, నేను. చిట్స్కేని."

అవతల కుళాయి పారుతోంది. కట్టేసింది.

"ఏం కావాలి?"

"అన్నయ్య ఫోను ఉందా నీ దగ్గర?"

"ఎందుకు నీకు?"

"పోయే ముందు ఆదివారం నాకొకటి పంపాడు. అది నేను వినలేదు. ఇప్పుడు విందామంటే లేదంటోంది."

అవతల కుర్చీ లాగిన చప్పుడు.

"వినలేదా?"

"భయమేసింది వదినా. తిడతాడని."

"తిట్టడమా!" ఆ మాట నవ్వులా మొదలై నవ్వు కాకుండా పోయింది. "మూడుసార్లు చెప్పి మూడుసార్లూ చెరిపేశాడే. నేను పక్కనే కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతున్నా. నాలుగోసారి పంపాడు. బుధవారం నాకు ఆపరేషను, హెండ్రికాకి ఆస్పత్రంటే వణుకు, ఒక్కతే కూర్చోవడం తన వల్ల కాదు, నువ్వొచ్చి పక్కన కూర్చో అని. అంతే. నాలుగు నిమిషాలూ అదే. సగం దగ్గు."

నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"రెండు గీతలు పడ్డాయి, చేరింది, చెల్లి వస్తుంది చూడు అన్నాడు. ఆ రోజు పక్క కుర్చీలో నా కోటు పెట్టి కూర్చున్నా. ఎవరో వచ్చి ఇక్కడ కూర్చోవచ్చా అంటే, మనిషి వస్తోందండీ అని చెప్పా. మూడు గంటలు."

"వదినా..."

"విని కూడా రాలేదనుకున్నా. ఇన్నాళ్లూ."

వీబ్రెన్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, మాకు వీపు చేసి నిలబడ్డాడు.

"దాని ఛార్జింగు తీగ ఎక్కడ పెట్టానో," అంది వదిన, నాతోనో తనతోనో. "రేపు పదింటికి రా."

"ఆదివారం బస్సు పదిన్నరకి గానీ మీ హార్లింగెన్ చేరదు."

"అయితే పదిన్నరకి రా. వస్తానని ఊరికే అనకు."

"వస్తాను."

ఆమె పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు. ఒక సొరుగు లాగి మూసిన చప్పుడు. ఇంకో సొరుగు. చెంచాలు గలగలమన్నాయి. ఆ తీగ దొరకాలని దణ్ణం పెట్టుకుంటున్నాను. దొరికితే ఆ ఫోనులో అతను నా పేరు ఎలా పిలుస్తాడోనని భయమూ వేస్తోంది. ఇంకో సొరుగు తెరుచుకుంది.