నీళ్లమీది గీత

జెట్టీ మీద ఎండ మాడ్చేస్తోంది. పొరుగుదేశం జాలర్లు నలుగురినీ చేతులు వెనక్కి కట్టి, ఆ కాలే గచ్చు మీదే కూర్చోబెట్టారు పోలీసులు. సముద్రంలో సరిహద్దు గీత దాటారట! ఆ గీత ఎక్కడుండాలో రెండు ప్రభుత్వాలకే ఇంకా తేలలేదు. తేలేదాకా రెండు వైపులా జైళ్లు మాత్రం జాలర్లతోనే నిండుతున్నాయి.

బోటు నడిపే సరంగు భార్య వాళ్లను చూసి ఆగిపోయింది. వాళ్ల పడవ ముక్కుకు వల తాడు ఇంకా కట్టే ఉంది. వేటకెళ్లినవాళ్లు వల వదిలి, తాడు పడవకు కట్టుకుని కాసేపు నడుం వాలుస్తారు. నీటివాలు వలను ఎటు లాగితే పడవా అటే పోతుంది. తాడు కోసేస్తే వెనక్కి రావచ్చు. కానీ వల ఓనరుది, కోసే ధైర్యం ఎవరికుంటుంది? ఆమె మొగుడూ అలాగే అవతలికి కొట్టుకుపోయాడు. వానలకు ముందు దొరికినవాడు ఇప్పటికీ అక్కడి జైల్లోనే మగ్గుతున్నాడు. ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి ఆమెకు ఏడ్చే ఓపిక కూడా పోయింది.

ఆ పూటే ఓడరేవు ఆఫీసరు ఆమెను పిలిపించాడు. సరిహద్దు చర్చలు దగ్గరపడ్డాయి, అక్కడ చూపించడానికి గట్టి కేసు కావాలన్నాడు. వీళ్లు రోజూ కావాలనే వచ్చి మన చేపలు దోచుకుపోతున్నారని, ఒడ్డు నుంచి తాను చూశానని ఆమె సాక్ష్యం చెబితే చాలు. వీళ్లను అడ్డం పెట్టి ఆమె మొగుణ్ని విడిపిస్తాడట. పక్కనే ఉన్న బోటు ఓనరు అమ్మా తల్లీ అని బుజ్జగించాడు. అతని బాధంతా అవతల చిక్కుకున్న బోటు గురించే.

ఐసు షెడ్డులో జనం చేరారు. చెప్పెయ్యమని కొందరు, పాపమని కొందరు. అరిచి అరిచి అందరూ నీరసపడ్డాక అత్త అంది:

"చెప్పెయ్యవే. నా కొడుకు ఇంటికొస్తాడు. వాళ్లు మనకేమవుతారు?"

"అవతల కూడా ఏ ఆడదో ఇట్లాగే చెప్పుంటుంది అత్తా. అందుకే నీ కొడుకు లోపలున్నాడు. ఇప్పుడు నేను చెబితే, రేపు వీళ్ల వాళ్లు ఇంకో సరంగు మీద చెబుతారు. ఇది తెగేదేనా?"

చివరికి వలలు బాగుచేసే ఆడవాళ్లు లేచారు, వాళ్ల వెనక బోట్ల మీద కూలికెళ్లే కళాసీలు లేచారు. గీత తేలేదాకా ఎవర్నీ పట్టుకోకూడదు, చర్చల్లో రెండు వైపుల జాలర్లనూ కూర్చోబెట్టాలి, అప్పటిదాకా ఒక్క బోటూ కదలదు అని తేల్చుకున్నారు. అత్త మాత్రం, కోడలు నా కొడుకు గొంతు కోసిందని శాపనార్థాలు పెడుతూ షెడ్డులోనే ఉండిపోయింది.

ఆడవాళ్లు వెళ్లి ఆ నలుగురి చుట్టూ కూర్చున్నారు. వ్యాను వచ్చింది. ఆఫీసరు ఆమె ముందు నిలబడ్డాడు.

"నీ మొగుడు రానక్కర్లేదా?"

ఒప్పుకుంటే వస్తాడేమో. నిజంగా వస్తాడేమో.

"రావాలి సార్. వీళ్లనొదిలితే అవతల మావాళ్లనూ వదలమని అడిగే మొహముంటుంది మనకి. అట్లా రావాలి."

పోలీసులు ఆమెను రెక్క పట్టి లేపి వ్యానెక్కించారు. జాలీలోంచి చూస్తే జనాన్ని తోసుకుంటూ అత్త వస్తోంది, ఇంకా తిడుతూనే ఉంది. కోడలు లేచిన చోట, కొడుకు ఈడు పరదేశి పక్కన చతికిలబడింది. లాఠీ పట్టుకుని దగ్గరికొచ్చిన పోలీసును ఎగాదిగా చూసి, అతని మీద ఎండ పడకుండా అడ్డంగా నిలబడమంది.