బల్ల ముందు పెట్టిన మడత సైకిలు

ఆ ఫ్రేము నాకు ఎవరూ దానం చెయ్యలేదు. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే పేటలో ఇప్పుడు కథ తిరగబడి నడుస్తోంది.

మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన దొరసాని స్వదేశం వెళ్ళిపోతూ వదిలేసిన సైకిలది. మధ్యకు మడిచే సైకిలు. చక్రాలు ఒకడు, సీటు ఒకడు, హ్యాండిలు ఒకడు పట్టుకుపోగా ఒట్టి ఫ్రేమూ ఫోర్కూ మిగిలి గోడౌన్‌లో తుప్పు పట్టాయి. పోయిన క్రిస్మస్ ముందు గుడి గంట ఇరుసు అరిగిపోతే నన్ను పిలిచారు. రెండు రోజులు గంట గూటిలో వేలాడి బాగుచేశాను. కూలి అడిగితే సంఘ పెద్ద బాలస్వామి గోడౌన్ తలుపు తీసి, ఆ ఫ్రేమును కాలితో నా వైపు తోశాడు.

"దేవుడి పనికి కూలేంటిరా ఇమ్మానియేలూ? ఈ చెత్త తీసుకుపో. సైకిలు షాపోడివి, దేనికన్నా పనికొస్తుందేమో."

నాకు అన్నం తెచ్చిన మా అమ్మాయి ప్రేమమ్మ కూడా ఆ మాట విన్నది.

బాలస్వామీ నేనూ మిషన్ బడిలో ఐదు దాకా ఒకే చాప మీద కూర్చున్నాం. బోర్డింగులో వాణ్ణి చేర్చుకున్నారు, నన్ను చేర్చుకోలేదు. వాడు హెడ్మాష్టరయ్యాడు. నేను చీరాల స్టేషను దగ్గర పంచర్లు వేస్తున్నాను. వాడు నన్ను ఒరేయ్ అంటాడు, నేను వాణ్ణి గారూ అంటాను. ముప్పై ఏళ్లుగా ఇదే వరస.

చెత్త నాకు నిజంగానే పనికొచ్చింది. ప్రేమమ్మకు పర్చూరు అవతల ఒక ఊళ్ళో బాల్వాడీ టీచరు ఉద్యోగం వచ్చింది. బస్సు రోడ్డు మీద దింపేస్తే అక్కణ్ణించి పత్తి చేల మధ్య నాలుగు మైళ్లు నడక. ఆలస్యానికి రెండు మెమోలు ఇచ్చారు. మూడోది ఇస్తే ఇంటికి పంపడమే అన్నారు. మామూలు సైకిలు ఎక్కించబోతే టాపు మీద చోటు లేదంటాడు కండక్టరు. రోడ్డు మీద వదిలిపెడితే సాయంత్రానికి ఉండదు. మడిచి సీటు కిందకి తోసే సైకిలైతే ఎవడూ నోరెత్తడు.

రెండు నెలలు పట్టింది. తుప్పు గీకి రంగు వేశాను. పిల్లల సైకిలు రిమ్ములు రెండు సంపాదించాను. అంత చిన్న రిమ్ముకు చువ్వలు దొరకలేదు. పెద్ద చువ్వలనే పొట్టిగా కోసి, ఒక్కొక్కదానికీ చేత్తో కొత్త మర వేశాను. రెండు చక్రాలకూ డెబ్బై రెండు చువ్వలు. ఒక్కో చువ్వ మర తిప్పేటప్పుడు బాలస్వామిని ఒక్కో తిట్టు తిట్టుకున్నాను. రేగడి మట్టి ఇరుక్కోకుండా మడ్‌గార్డులు నాలుగు వేళ్ళు పైకెత్తి బిగించాను. మడత దగ్గరి పిన్ను ఎప్పుడో పోయింది. లేతు షాపు అలీ సాహెబ్ పవర్‌లూమ్ షాఫ్టు ముక్క చెక్కి కొత్తది చేసిచ్చాడు.

"ఇంకో పిన్ను కూడా చేసుకోనా ఇమ్మానియేలూ," అన్నాడు సైకిల్ని మడిచీ విప్పీ చూస్తూ. "మా బావమరిదిని మడిచి మూల పెట్టుకుంటా."

శనివారానికి సైకిలు తయారైంది. సోమవారం ఆరింటి బస్సుకు ప్రేమమ్మ దాంతో వెళ్ళాలి. మా ఆవిడ పుల్లమ్మ అడ్డుపడింది. "పాస్టరు అయ్యగారి చేత ప్రార్థన చేయించకుండా పిల్లని దాని మీద ఎక్కనిచ్చేది లేదు."

సరే, ఆదివారం తీసుకెళ్ళాను. గుడికి నేను వెళ్ళేదే ఏడాదికి రెండుసార్లు. ఆ రోజు కోత పండుగ. ప్రభువు బల్ల ముందు మిరపకాయల బస్తాలు, పత్తి మూటలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు ఉన్నాయి. చూశాను. చూసినా బుర్రకెక్కలేదు. మామూలు సైకిలైతే బయటే స్టాండు వేసి, అయ్యగారిని మెట్ల మీదికి పిలిచేవాణ్ణి. ఇది మడతపడుతుంది కదా. మడిచి, చంకన పెట్టుకుని, లోపలికి తీసుకెళ్ళి బల్ల ముందు పెట్టాను. కోత పండుగనాడు అక్కడ పెట్టింది ఏదైనా దేవుడి కానుకే. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతి.

అయ్యగారు చేతులు చాచి అన్నిటికీ కలిపి ప్రార్థించారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

వేలం మొదలుపెట్టిన బాలస్వామి బస్తాలు వదిలేసి ముందు సైకిలు ఎత్తాడు. "మన ఇమ్మానియేలు ఇచ్చిన కానుక! గుంటూరులో చదివే మావాడికి బాగుంటుంది. మొదటి పాట నాదే."

నేను లేచాను. "అది కానుక కాదండీ. ప్రార్థనకి తెచ్చాను. మా పిల్ల ఉద్యోగానికి."

"బల్ల ముందు పెట్టి, ప్రార్థన అయ్యాక, మళ్ళీ ఇంటికి మోసుకుపోతావంట్రా? అయినా ఫ్రేము మిషన్‌దేగా!"

కొందరు నవ్వారు. అయ్యగారి వైపు చూశాను. ఆయన పాటల పుస్తకంలో పేజీలు తిప్పుతున్నారు.

నా లుంగీ మడతలో స్పానరు ఎప్పుడూ ఉంటుంది. బల్ల ముందుకెళ్ళి కూర్చున్నాను.

"ఒరేయ్ బాలస్వామీ," అన్నాను. ముప్పై ఏళ్ల తర్వాత. "ఫ్రేము నీ మిషన్‌ది. మిగతాది నాది."

"గుళ్ళో స్పానర్లేంటిరా!" అని ఎవరో అరిచారు. ముందు చక్రం ఊడదీశాను. వెనక చక్రం, చైను, పెడళ్లు, సీటు, హ్యాండిలు. ఒక్కోటి తీసి నా కండువా మీద పెట్టాను. చివరికి అలీ సాహెబ్ చేసిన పిన్ను లాగేస్తే ఫ్రేము రెండు ముక్కలై నేల మీద పడింది.

"పాడుకో. నీ కొడుకుని దీని మీద గుంటూరు పంపు."

ఎవరూ పాడలేదు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ప్రేమమ్మ లేచి వచ్చింది.

"మాష్టారూ, ఆ రోజు చెత్త తీసుకుపో అన్నది మీరే. నేనక్కడే ఉన్నానండీ. ఇప్పుడు మళ్ళీ చెత్తే అయింది. తీసుకుపోతున్నాను."

చేతికొక ముక్క పట్టుకుని నడిచింది. బాలస్వామి నోరు తెరిచేలోపే నేను కండువా మూటగట్టుకుని వెనకే నడిచాను.

మెట్ల మీదకు రాగానే నా మీద విరుచుకుపడింది. "కోపం తీరిందా నాన్నా? రెండు నెలల పని రెండు నిమిషాల్లో ఊడబీకావ్. రేపు ఆరింటికి బస్సు. మూడో మెమో నీకివ్వరు, నాకిస్తారు."

కోపం తీరలేదు. ఇప్పటికీ తీరలేదు.

"పిన్నేదీ?" అంది. గుప్పిట విప్పాను. తీసుకుంది.

ఇంటికి పోదామన్నాను. వద్దంది. అక్కడే, గుడి మెట్ల మీదే కండువా పరిచింది. తను ఫ్రేము పట్టుకుంటే నేను బిగించాను. లోపల గుమ్మడికాయలకు వేలం పాడుతున్నారు. బయటికొచ్చిన ప్రతివాడూ మమ్మల్ని చుట్టి, గోడ వారగా దిగాల్సి వచ్చింది. బాలస్వామి కూడా అలాగే దిగాడు. పక్కకి జరగమని అడగలేదు. అడిగినా జరిగేవాళ్ళం కాదు.