తొమ్మిది పేర్ల మనిషి

ఆ పరిశోధన సంస్థలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. నిన్నగాక మొన్న చేరిన పిల్లల దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అందరికీ ఆమె ఫ్రీజరమ్మే. భవనం అడుగున ఒక పొడవాటి గది, అందులో ఆరు ఫ్రీజర్లు, వాటిలో ఒక పేట జనం రక్తం. పన్నెండేళ్ల కిందట ఇంటింటికీ తిరిగి తీసిన రక్తం అది. గుండెజబ్బు, షుగరు, కీళ్లవాతం లాంటి మొండిరోగాలు ఎవరికి వస్తాయో, ఎందుకు వస్తాయో ఏళ్ల తరబడి కనిపెట్టి చూడాలని మొదలుపెట్టిన అధ్యయనం. అప్పట్లో సూది పట్టుకుని తిరిగినవాళ్లంతా తలో దారిన పోయారు. ఆమె ఒక్కతే సూది వదిలేసి తాళాలగుత్తి పట్టుకుని అక్కడే ఉండిపోయింది.

ఎందుకు ఉండిపోయావని అడిగితే, ఎండలో తిరగలేక అనేది. అబద్ధం. ఆమె ఉండిపోయింది నాలుగో ఫ్రీజరు కోసం.

రోజూ పొద్దున్నే ఆరు ఫ్రీజర్ల ఉష్ణోగ్రతలూ రాసుకుంటూ వెళ్లి, నాలుగోదాని దగ్గర కాస్త ఆగేది. గ్లౌజు తొడుక్కున్న అరచేతిని తలుపుకు ఆనించేది. మిగతావాళ్లకు మోటారు రొదగా వినిపించే దాంట్లో ఆమెకు ఒక మనిషి కూనిరాగం వినిపించేది. వ్యాను నడుపుతూ, ఏ పాటా పూర్తిగా రాక, నోరు మూసుకుని తీసే రాగం. పిచ్చి అనేవాళ్లు అనుకోవచ్చు. పదకొండేళ్లుగా మొగుడి గొంతు వినని మనిషి మోటారులో విన్నదంటే తప్పు పట్టడానికి మనమెవరం?

ఆ మంగళవారం ఆమె చెయ్యి ఇంకా తలుపు మీదే ఉండగా చిన్న డాక్టరమ్మ మెట్లు దిగి వచ్చింది. ముప్పై రెండేళ్ల పిల్ల, నాలుగేళ్లుగా ఈ అధ్యయనాన్ని నెత్తిన పెట్టుకుని మోస్తోంది. చేతిలో కాగితాలున్నాయి. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

“అయిపోయిందక్కా. నాలుగేళ్ల పని నీళ్లపాలు.”

“ఏమైందమ్మా? మొన్నేగా ఫలితాలొచ్చాయని స్వీట్లు పంచుతానన్నారు?”

“పంచనా మరి, నా తెలివితక్కువతనానికి!” డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూలబడింది. “మొత్తం గొట్టాలకు ఆ కొత్త పరీక్ష చేయించాం కదా. దెబ్బ తగిలితే వాచి, ఎర్రబడి, మండుతుంది చూడండి, అలాంటి మంట కొందరికి లోపల రక్తనాళాల్లో ఏళ్ల తరబడి రాజుకుంటూ ఉంటుంది. ఇన్‌ఫ్లమేషన్. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, మనిషికి తెలియనే తెలియదు. అదే గుండెను తినేస్తుందని మా నమ్మకం. మన పేటలో ఆ మంట బాగా ఎక్కువున్నవాళ్లు పదహారు మంది తేలారు. వాళ్లలో ఎంతమందికి గుండెపోటు వచ్చి ఉండాలి? సగం మందికైనా రావద్దా?”

“వచ్చిందా?”

“నలుగురికి. మంట లేనివాళ్లలోనూ దాదాపు అదే లెక్క. ముఖ్యంగా ఒక తొమ్మిది మంది ఉన్నారు. లోపల కొలిమి పెట్టుకుని పన్నెండేళ్లుగా గుండ్రాళ్లలా తిరుగుతున్నారు. ఈ తొమ్మిది మంది చాలు, నా నమ్మకాన్ని బొందపెట్టడానికి. శుక్రవారం ఆరోగ్యశాఖకు నివేదిక ఇవ్వాలి. ఈ పరీక్ష దండగ, పేట ఆస్పత్రిలో పెట్టనక్కర్లేదు అని నా చేత్తో నేనే రాసివ్వాలి.”

కాగితం బల్ల మీద పెట్టి ఆమె నుదురు రుద్దుకుంది. ఫ్రీజరమ్మ ఆ కాగితంకేసి చూసింది. తొమ్మిది నంబర్లు. చూడక్కర్లేదు అసలు, ఆ నంబర్లు ఆమెకు కంఠతా వచ్చు. నాలుగో ఫ్రీజరు, రెండో అర, ఎడమవైపు పెట్టె. చటుక్కున ఫ్రీజరు పిడి పట్టుకుంది.

“అక్కా, ఏమైంది? ఒంట్లో బాలేదా?”

“ఏం లేదమ్మా. చలి.”

ఆ తొమ్మిదీ తొమ్మిది మందివి కావు. ఒక్కడివే.

అప్పట్లో ఆమెది ఆర్నెల్లకోసారి పొడిగించే ఉద్యోగం. వీధికి ఇంతమంది అని లెక్క, లెక్క తగ్గితే పొడిగింపు లేదు. సూపర్‌వైజరుకు తెలిసింది ఒక్కటే ముక్క, “ఖాళీ గొట్టం తేవద్దు.” మొదటి నెలలోనే ఒక టైలరు ఆమె ముఖం మీద తలుపేశాడు. రక్తం తీసి అమ్ముకుంటారని ఎవరో ఎక్కించారు ఆయనకు. మూడుసార్లు వెళ్లింది, మూడుసార్లూ తలుపే మాట్లాడింది. మూడోసారి వ్యానెక్కి వెక్కివెక్కి ఏడ్చింది. వ్యాను డ్రైవరు ఆమె మొగుడే. అద్దంలో కాసేపు చూసి, బండి పక్కకు తీసి, చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచాడు.

“ఇదిగో, తీసుకో.”

“మీకేమైనా మతి పోయిందా?”

“ఎవరిదైతే ఏంటే, ఎర్రగానే కదా ఉంటుంది? ఆ టైలరు రక్తానికి కుట్లేమైనా కనిపిస్తాయా?”

ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూనే తీసింది. అందరితో అన్నట్టే ఆయనతోనూ అంది, “అయిపోయింది. చెయ్యి మడిచి పెట్టుకోండి.” మొగుడితో కూడా ఆస్పత్రి మాటలేనా అని ఆయన రోజంతా ఏడిపించాడు.

ఒక్కసారితో ఆగితే బాగుండేది. తప్పు అలా ఒక్కసారితో ఆగదు, అలవాటైపోతుంది. పద్నాలుగు నెలల్లో తొమ్మిదిసార్లు ఆయన చెయ్యి చాచాడు. ఆమె జాగ్రత్తగానే ఉంది, మగవాళ్ల పేర్లే చూసుకుంది, ఆయన వయసుకు దగ్గరగా ఉన్నవే చూసుకుంది. దొంగపనికి అంత శ్రద్ధ చూపించిన మనిషి కట్టుకున్నవాడి ముఖంలోకి ఇంకాస్త శ్రద్ధగా చూసి ఉండాల్సింది. తొమ్మిదో గొట్టం తీసిన రెండో నెలలో వ్యాను కడుగుతూ కడుగుతూ ఆయన బకెట్టు పక్కనే కూలిపోయాడు. గుండెపోటు. నలభై నాలుగేళ్లు. పైపులో నీళ్లు అలా పోతూనే ఉన్నాయట, ఎవరూ కట్టలేదట.

ఆయన బట్టలు పాతబడిపోయాయి. ఫోటోలో ముఖం వెలిసిపోయింది. ఆయన శరీరానికి సంబంధించింది ఏదైనా ఈ భూమ్మీద ఇంకా చెక్కుచెదరకుండా ఉందంటే, అది నాలుగో ఫ్రీజరులోనే ఉంది. తొమ్మిది మంది పరాయి మగవాళ్ల పేర్లతో. ఆ తొమ్మిది మందీ ఆమెకు పేటలో ఎదురవుతూనే ఉంటారు. ఒకాయన మనవణ్ణి బడికి తీసుకెళుతూ, ఇంకొకాయన బస్టాపులో పేపరు చదువుతూ. వాళ్ల తప్పేమీ లేదు. అయినా ఆమెకు వాళ్లను చూస్తే ఒళ్లు మండేది. ఆయన్ని అడ్డం పెట్టుకుని వీళ్లంతా బతికేస్తున్నారు అనిపించేది.

బుధవారం, గురువారం ఆమె ఉష్ణోగ్రతలు రాసుకుంది. నాలుగోదాని దగ్గర ఆగింది. కూనిరాగం ఆగిపోయింది. మోటారు తిరుగుతోంది, అంకె సరిగ్గానే ఉంది, కానీ అందులో ఆయన లేడు. పదకొండేళ్లలో ఎన్నడూ అలా జరగలేదు. ఆమె తలుపుకు చెవి ఆనించింది, పక్కన ఎవరైనా చూస్తారన్న ధ్యాస కూడా లేకుండా. అలిగినప్పుడు ఆయన ఇలాగే చేసేవాడు. అరవడు, తిట్టడు, నోట్లో రాగం మాత్రం ఆపేస్తాడు. ఆమె చెప్పాల్సింది చెప్పేదాకా.

చెబితే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. ఉద్యోగం పోతుంది, అది పోతే పోనీ. తప్పుడు పేరుతో తీసిన రక్తాన్ని ఇక ఉంచరు, పారేయిస్తారు, అదీ నియమం. చెప్పకపోతే ఆయన తొమ్మిది పేర్లతో అబద్ధపు సాక్ష్యం చెబుతాడు. ఈ మంట మనుషుల్ని చంపదు అని. చచ్చిపోయినవాడి చేత, ఆ మంటకే చచ్చిపోయినవాడి చేత!

గురువారం మధ్యాహ్నం మెట్లెక్కి డాక్టరమ్మ గదిలోకి వెళ్లి, కూర్చోమన్నా కూర్చోకుండా అంతా చెప్పేసింది.

డాక్టరమ్మ చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టేసింది. తర్వాత కోపం వచ్చింది.

“మీరేం చేశారో మీకు అర్థమవుతోందా అక్కా? ఈ రెండు రోజులూ ఎలా తిన్నారు, ఎలా పడుకున్నారు? రేపు నేను సంతకం పెట్టేసేదాన్ని!”

“తినలేదమ్మా. పడుకోలేదు కూడా.”

ఆ పిల్ల కంప్యూటరు వైపు తిరిగింది. కోపంలోనూ చేతులు పని మానలేదు. తొమ్మిది నంబర్లను పక్కకు తీసి, రక్తం తీసిన తేదీల ప్రకారం వరసగా పేర్చింది. పేర్చి, కుర్చీ వెనక్కి జరిపి, గొంతు తగ్గించి పిలిచింది.

“అక్కా, ఒకసారి ఇలా రండి.”

తెర మీద తొమ్మిది చుక్కలు. మొదటి చుక్క టైలరుది, అప్పటికే మామూలు కంటే ఎక్కువ. రెండోది దానికి పైన. మూడోది ఇంకా పైన. మధ్యలో ఎక్కడా దిగలేదు. పద్నాలుగు నెలలు, మెట్టు మెట్టుగా, చివరి చుక్క తెర అంచుదాకా వెళ్లిపోయింది.

“ఒకే మనిషిని ఇంత వరసగా చూసిన రికార్డు మా దగ్గర ఇంకొకటి లేదు,” అంది డాక్టరమ్మ. “విడివిడిగా తొమ్మిది మందిగా చూశాం కాబట్టి కనిపించలేదు.” తర్వాత ఆమె ముఖం చూసి గబగబా అంది, “అప్పటికి ఈ పరీక్షే లేదక్కా. మీరేం చేయగలిగేవారు?”

“పరీక్ష లేదు,” అంది ఫ్రీజరమ్మ. “నేనున్నానుగా.”

తొమ్మిదోసారి ఆయన వ్యాను మెట్టు మీద కూర్చుని ఆయాసపడ్డాడు. ముఖం చెమటతో తడిసిపోయింది. పొద్దున్న ఏమీ తినకుండా వచ్చారంటే ఇలాగే ఉంటుందని ఆమె కసిరింది. కసిరి, సూది గుచ్చింది. ఆ చెమట ఇప్పుడు తెర మీద చుక్కయి నిలబడి ఆమె కేసి చూస్తోంది. కుర్చీ వీపు పట్టుకుని ఆమె అక్కడే భోరుమంది. డాక్టరమ్మ లేచి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

నివేదిక శుక్రవారం వెళ్లలేదు. మళ్లీ లెక్క కట్టారు. తొమ్మిదిని తీసేస్తే పదహారు కాస్తా ఏడయింది, ఏడుగురిలో నలుగురికి గుండెపోటు. చిన్న లెక్కే, దీన్ని పట్టుకుని చాటింపు వెయ్యలేం, కానీ పరీక్ష దండగని మాత్రం ఇక ఎవరూ అనలేరు అంది డాక్టరమ్మ. పేటలో నలభై దాటిన వాళ్లందరికీ చేసి చూద్దామని ఆరోగ్యశాఖ ఒప్పుకుంది. పరిశోధనల్లో తప్పొప్పులు తేల్చే ఎథిక్స్ కమిటీ ఫ్రీజరమ్మ ఉద్యోగానికీ, ఆ తొమ్మిది గొట్టాలకూ నెలాఖరుదాకా గడువిచ్చింది. ఈలోగా ఆ తొమ్మిది ఇళ్లకూ వెళ్లి జరిగింది చెప్పి రావాలి అంది.

టైలరు ఇంటికి ఆఖరున వెళ్లింది. పన్నెండేళ్ల తర్వాత ఆ తలుపు తెరుచుకుంది. ఆయన మెడలో టేపు వేలాడుతోంది. కళ్లద్దాలు పైకి తోసుకుని అంతా విన్నాడు.

“నేనివ్వలేదని నాకు గుర్తే. మరి నా పేరు మీద ఎవరిదమ్మా?”

“మా ఆయనది.”

“ఆ వ్యాను అబ్బాయా? ఒకసారి గుండీ కుట్టించుకుని వెళ్లాడు. ఎలా ఉన్నాడు?”

“లేరండీ. ఆ మరుసటి ఏడే పోయారు.”

టైలరు మిషను మీదున్న గుడ్డను మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. “నేను తలుపు తీసుంటే ఆయనకు ఆ బాధ తప్పేది కదా,” అన్నాడు.

“సూది తప్పేదండీ. బాధ తప్పేది కాదు,” అందామె. వాళ్లందరి మీదా పదకొండేళ్లు దాచుకున్న కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. ఆయన చొక్కా చెయ్యి పైకి మడవబోతుంటే ఆపింది. “నేను తీయకూడదండీ ఇప్పుడు. సోమవారం ఆస్పత్రికి రండి, వాళ్లు తీస్తారు.” వస్తానన్నాడు. వచ్చాడు కూడా.

నెలాఖరు రోజున డాక్టరమ్మ కిందకు వచ్చింది. “మీరు పైన కూర్చోండక్కా, ఆ తొమ్మిదీ నేను పారేయిస్తాను.”

“వద్దమ్మా. తీసింది నేను. నేనే వేస్తాను.”

నాలుగో ఫ్రీజరు తలుపు తీస్తే తెల్లటి పొగ కాళ్ల మీదకు దిగింది. రెండో అర, ఎడమవైపు పెట్టె. తొమ్మిది గొట్టాలూ తీసి అరచేతిలో పెట్టుకుంది. ఒక్కోటి చిటికెనవేలంత. గ్లౌజులోంచి కూడా చలి ఎముకల్లోకి దిగింది. పారేసే గొట్టాల్ని ఉడికించే ఆవిరి యంత్రం గదికి చివర ఉంది, పాతిక అడుగులు. అంత దూరం నడవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. మధ్యలో ఆగి, పిడికిలి మూసి, గుండెలకు ఆనించుకుంది. చేతి వేడికి మంచు కరిగి చీటీల మీద సిరా చెదిరింది. మొదట టైలరు పేరు పోయింది, తర్వాత మిగతావాళ్లవి. పిడికిలి విప్పి చూస్తే లోపలున్నది నీరైంది. ఎర్రగా లేదు. ఎర్రకణాలు తీసేసి దాచింది కదా, లేత పసుపు రంగులో, తేటగా ఉంది. ఎర్రగానే ఉంటుందన్నారే, అని ఆమె మనసులో ఆయన్ని ఎత్తిపొడిచింది.

ఒకదాని తర్వాత ఒకటి తొమ్మిదీ యంత్రంలో పెట్టింది. మూత మీద చెయ్యి వేసింది. గదిలో ఆరు మోటార్లూ తిరుగుతున్నాయి, మామూలు రొద, అంతకుమించి ఏమీ లేదు.

“అయిపోయింది,” అంది ఆమె. “చెయ్యి మడిచి పెట్టుకోండి.”

మూత బిగించి, మీట నొక్కి, తాళాలగుత్తి డాక్టరమ్మ చేతిలో పెట్టింది.