గ్లోరియా గంట

గంటగోపురం మెట్లు ఎక్కుతున్నాను, మా చర్చి గుడికి ఉన్నవి పంతొమ్మిదే మెట్లు, చిన్నప్పటినుంచీ ఎక్కినవే, కానీ ఇవాళ ఎంతకీ తరగడం లేదు, ఎక్కేకొద్దీ పక్కగోడలు పలచబడి మా మిరప కళ్లంలోకి తెరుచుకుంటున్నాయి, ఎండబోసిన కాయల మధ్య పట్టా పరుచుకుని మా అమ్మ శౌరమ్మ తొడిమలు తీస్తోంది. అమ్మ పోయి మూడేళ్ళయింది. ఆ సంగతి నాకూ తెలుసు, తనకీ తెలుసు, ఇద్దరం దాన్ని పెద్దగా పట్టించుకోవడం లేదు.

"గంట ఇరుసుకి ఆముదం పెట్టావా?" అంటుంది తలెత్తకుండానే.

జవాబు చెప్పబోతే నా నోట్లోంచి టకటకమని చెక్క చప్పుడు వస్తుంది. గుడ్‌ఫ్రైడే నాడు గంటకు బదులు తిప్పే కొయ్య గిలక చప్పుడది. పవిత్ర గురువారం పూజలో గ్లోరియా అనే మహిమ గీతం పాడేటప్పుడు మోగిన గంట మళ్ళీ ఈస్టరు ముందురాత్రి, పాస్కా శనివారం గ్లోరియాకి గాని మోగకూడదు, మధ్యలో దేవుడే సమాధిలో ఉంటాడు కాబట్టి గంటకూ నోరుండదు. సరిగ్గా ఆ మధ్యలోనే, శుక్రవారం మధ్యాహ్నం, మా అమ్మ పోయింది. పోవడానికి ఏడాది మొత్తంలో ఇంకో రోజే దొరకలేదా మహాతల్లికి!

మా తాత రైలు స్టేషన్ నుంచి ఎడ్లబండి మీద తెచ్చిన గంట అది. తాత తరవాత నాన్న కొట్టాడు, నాన్న తరవాత అమ్మ. ఊళ్ళో ఎవరు పోయినా, తనకు పడనివాళ్ళు పోయినా సరే, చేతిలో పని వదిలేసి పరిగెత్తి చావుగంట కొట్టిన మనిషి. అలాంటి మనిషిని గంట లేకుండా మట్టిచేశాం. "ఒక్క దెబ్బ, స్వామీ, ఒక్కటంటే ఒక్కటి," అని మా గుడి ఫాదరు, విచారణ స్వాముల కాళ్ళు పట్టుకున్నాను. ఆయనా కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు గాని నియమం దాటనన్నారు. కొయ్య గిలక నా చేతికిచ్చారు. శనివారం పొద్దున అమ్మ పెట్టె ముందు దాన్ని తిప్పుకుంటూ నడిచాను, ఇక జన్మలో గంటతాడు ముట్టనని సిమిత్రి గేటు దగ్గర అందరి ముందూ ఒట్టేశాను.

"ఏందిరా రాయప్పా, ఇంకా అలక తీరలా?" అమ్మ ఒడిలో తొడిమలు దులుపుకుని లేస్తుంది, లేచేసరికి కళ్లం కాస్తా సిమిత్రి అవుతుంది, నాన్న సమాధి మీదా తాత సమాధి మీదా మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి. "స్వాములోరి మీద కోపం గంట మీద తీస్తావా? అత్త మీద కోపం దుత్త మీద తీసినట్టుంది నీ యవ్వారం."

"నీకు గంట లేకపాయె గదమ్మా," అని భోరుమంటాను, ఈసారి మాట మాటలాగే వస్తుంది. "ఊరందరికీ కొట్టావు. నీకు ఒక్కళ్ళమూ కొట్టలా."

అమ్మ పకపకా నవ్వుతుంది. "లేదని ఎవరు జెప్పార్రా ఎర్రిమొహమా! పొద్దున నన్ను మట్టిజేశారా, ఆ రాత్రి గ్లోరియా ఎత్తుకోంగానే గంట మోగలా? ఊరూ ఊరంతా కొవ్వొత్తులు పట్టుకోని లేచి నిలబళ్ళా? ఆ చప్పుట్లోనే నడుచుకుంటా పోయా నేను. మీ తాతకి చావుగంట మోగింది తొమ్మిది దెబ్బలు. మీ నాయనకీ తొమ్మిదే. నాకు ఆపకుండా మోగింది. దేవుడు లేచిన గంటకి నేనూ లేచానురా! మన ఇంట్లో ఎవరికి దక్కింది ఆ వైభోగం?"

మూడేళ్ళుగా ఈ ముక్క నాకు తట్టనే లేదు. ఎలా తడుతుంది, ఆ రాత్రి నేను గుడికే వెళ్ళలేదు, గంట మోగుతుంటే ముసుగుతన్ని రెండు చెవులూ మూసుకున్నాను. మా అమ్మ గంటకే చెవులు మూసుకున్నాను.

"అదొక్కటే నా గుండెల్లో ముల్లు," అంటుంది అమ్మ, నా మనసులో మాట నేను పైకి అన్నట్టే. "ఎవడో అరువు మనిషి కొట్టాడు, తాడు లాగే పద్ధతి తెలీక పెనం మీద గరిటె కొట్టినట్టు. నా కొడుకు చేత్తో ఒక్కసారి ఇనాలిరా. ఇయ్యాల పాస్కా శనివారం గదా?"

"ఒట్టేశానే," అంటాను.

"గంట నోరు కట్టేసిన నాడు ఏసిన ఒట్టు, గంట నోరు తెరిచిన నాడు చెల్లదు. పద!"

మళ్ళీ మెట్ల మీద ఉన్నాం, ఈసారి పంతొమ్మిదే ఉన్నాయి, పైన తాతా నాన్నా తాడు పట్టుకుని "ఎంతసేపురా?" అని విసుక్కుంటున్నారు, అమ్మ నా చేతుల మీద తన చేతులు వేస్తుంది, నలుగురం ఒక్కసారే లాగుతాం, గంట మోగుతుంది, గోపురం మోగుతుంది, సమాధుల మీది మిరపకాయలు ఎగిరెగిరి పడుతున్నాయి, నేను పసివాడిలా నవ్వుతూ హల్లెలూయా, హల్లెలూయా అని గొంతు చించుకుంటున్నాను.

నా అరుపుకి నాకే మెలకువ వచ్చింది. శనివారం సాయంత్రం, ఇంకా ఎండ తగ్గలేదు. నా కూతురు ఫిలోమిన గుమ్మంలో నిలబడి నన్ను వింతగా చూస్తోంది.

"ఏంది నాన్నా ఆ కేకలు?" అంది. "రాత్రికి గంట కొట్టే మనిషి రావటంలేదంట. గుడి ఉపదేశిగారు నన్ను కొట్టమంటన్నారు. ఇరుసు కిర్రుమనకుండా పైకెక్కి ఆముదం పెట్టొచ్చా. నాకేమో తాడు లాగటం రాదాయె."

దాని చేతులు దగ్గరికి తీసుకున్నాను. మోచేతుల దాకా ఆముదం జిడ్డు.

"రాత్రి నా పక్కన నిలబడి చూసి నేర్చుకో," అన్నాను. "మొదటి దెబ్బ మాత్రం నాది. మా అమ్మకి."