ఎడమవైపు, కొంచెం కింద

రేపల్లె దగ్గర నిజాంపట్నం రేవులో దాసు బోటు నడిపేవాడు. నిరుడు ఈదురుగాలికి బోటు తిరగబడి, తమ్ముడు నాగార్జున సముద్రంలో పోయాడు. దాసు మాత్రం ఒడ్డుకు చేరాడు. అప్పటినుంచి నెత్తిన చెంబెడు నీళ్లు పడితే చాలు, ఊపిరాడక గిలగిల్లాడేవాడు. భార్య భవాని తడిగుడ్డతో ఒళ్లు తుడిచేది. మందులు నిద్ర పట్టించాయి గాని ఆ భయాన్ని పోగొట్టలేదు.

ఎవరో చెప్పగా, తెనాలిలో భువనేశ్వరి అనే సైకాలజిస్టు దగ్గరికి భవాని అతన్ని తీసుకెళ్లింది.

"జరిగిందంతా చెప్పాలా మేడమ్?" అడిగాడు దాసు.

"అక్కర్లేదండి. తలుచుకుంటే ఒంట్లో ఎక్కడ పట్టేస్తుందో చూపించండి, చాలు."

అతను గొంతు మీద చెయ్యి పెట్టాడు. ఆమె ఒక సన్నని పుల్లను అతని కళ్ల ముందు మెల్లగా జరపసాగింది. "చూపు ఎటు నిలిస్తే లోపల ఇరుక్కున్నది కదులుతుందో వెతుకుతున్నానమ్మా," అని భవానికి చెప్పింది.

కుడివైపు ఏమీ కాలేదు. ఎడమవైపు, కొంచెం కిందికి రాగానే దాసు రెప్పలు టపటపా కొట్టుకున్నాయి. పుల్ల అక్కడే ఆగింది.

"ఇటే చూస్తూ ఉండండి. వచ్చేదాన్ని రానివ్వండి. వద్దనిపిస్తే ఆపేద్దాం."

కాసేపటికి దాసు ఒళ్లంతా అలల మీదున్నట్టు ఊగింది. కుర్చీ కిర్రుమంది. భవాని లేవబోతే భువనేశ్వరి చేత్తో వారించింది. దాసు కుడిచెయ్యి గాలిలోకి లేచి, దేన్నో పట్టుకున్నట్టు బిగుసుకుంది.

"ఆడి చొక్కా," అన్నాడు దాసు. "నేను వదల్లేదే! అలొచ్చి లాగేసుకుంది."

చాలాసేపు ఏడ్చాడు. తర్వాత పిడికిలి దానంతటదే విడిపోయింది. కడుపు లోతునుంచి ఒక పెద్ద ఊపిరి వచ్చింది. ఎవరి చేతినో చూసినట్టు తన అరచేతిని చూసుకున్నాడు.

ఏడాదిగా పక్కనే పడుకున్న మనిషిలో ఆ గాలి ఇంకా వీస్తూనే ఉందని భవానికి తెలియనే లేదు. "ఏం చేశారమ్మా మీరు?" అంది గుసగుసగా.

"చోటు వెతికానంతేనండి. మిగతాది ఆయన మెదడే చేసుకుంది. ఎలాగో నాకూ పూర్తిగా తెలీదు. చూసిన ప్రతిసారీ ఆశ్చర్యమే. ఇంకా రావాలి, ఒక్కరోజుతో అయ్యేది కాదు."

ఇంకొన్నిసార్లు వెళ్లొచ్చాక, ఒక ఉదయం దాసు పంపు దగ్గర తానే నెత్తిన నీళ్లు గుమ్మరించుకున్నాడు. ఊపిరి ఆగలేదు. మళ్లీ పోసుకున్నాడు. పొయ్యి దగ్గరినుంచి చూస్తున్న భవాని చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"బాపట్ల పోదాం పదవే," అన్నాడు తల తుడుచుకుంటూ.

నాగార్జున భార్య సుమ బాపట్లలో పుట్టింట్లో ఉంటోంది. కర్మలయ్యాక దాసు ఆమెకు ముఖం చూపించలేదు. ఇప్పుడు ఎదురుగా కూర్చుని, మొదటినుంచీ అంతా చెప్పాడు.

"చివరిదాకా పట్టుకునే ఉన్నారా బావగారూ?"

"పట్టుకునే ఉన్నానమ్మా."

సుమ గోడకు చేరగిలబడి గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు తీరేదాకా దాసు అక్కడే కూర్చున్నాడు.